నూటికి ఎందరు? గర్భాశయ ముఖద్వార పరీక్షల లెక్క



ఈ దినము నేను ప్రస్తావింపబోవు విషయము స్త్రీల వ్యాధికి సంబంధించినది. రచ్చబండ మీద ఇట్టి మాట ఎత్తుట మనకు వాడుక లేదు. అయినను ఊరి లెక్కలు మీ చేతిలో ఉన్నవి. శిబిరము పెట్టుటకు స్థలము చూపువారు మీరు. ఇంటి ఆడవారిని పట్నమునకు పంపవలెనా వద్దా అను నిర్ణయము పెక్కు ఇండ్లలో నేటికిని పెద్దల నోటనే వెలువడుచున్నది. అందుచేత మీతోనే మాటాడుచున్నాను. నేను వైద్యుడను కాను. లెక్కలు కట్టుట నా వృత్తి. వైద్యవిషయము అవసరమైనంతవరకే చెప్పి, లెక్కలోనికి వచ్చెదను.

గర్భసంచికి క్రిందిభాగమున సన్నని మెడవంటి ద్వారము కలదు. దానిని గర్భాశయ ముఖద్వారము అందురు. అచ్చట పుట్టు కాన్సరును గూర్చియే ఈ ప్రసంగము. మన పెద్దలు కాన్సరును రాచపుండు అనుచుండిరి. 2022 సంవత్సరమునకు ప్రపంచ కాన్సరు పరిశోధన సంస్థ కట్టిన అంచనా ప్రకారము భారతదేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా సోకినది. దాదాపు 80,000 మంది మరణించిరి. దీనికి మూలము ఒక వైరసు అని జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1980 ప్రాంతపు పరిశోధనలవలన తేల్చెను. అందులకు 2008లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. ఈ వైరసు సంసారజీవితములో ఉన్న స్త్రీపురుషులలో అధికసంఖ్యాకులకు ఎప్పుడో ఒకప్పుడు తగులునదే. చాలమందిలో ఒకటి రెండు సంవత్సరములలో దానంతట అదియే పోవును. కొందరిలో మాత్రము నిలిచిపోయి, 15 మొదలు 20 సంవత్సరముల కాలములో పుండుగా మారును. కావున ఈ వ్యాధి కనబడినంతమాత్రమున ఏ ఇల్లాలి నడవడిని గాని, ఏ ఇంటి మర్యాదను గాని శంకించుట అజ్ఞానము. ఈ మాట ముందే చెప్పితిని. ఏలయన లెక్కకు దీనితో సంబంధమున్నది. అనుమానమున్నచోట ఎవరును నిజము చెప్పరు.

ఈ పదునైదు ఇరువది యేండ్ల వ్యవధియే మనకు దొరకిన అవకాశము. నొప్పి లేకుండగనే, రక్తము కనబడకముందే పరీక్షించినచో, ముదరని మచ్చను వేడిచేతనో చలిచేతనో కొలది నిమిషములలో మాడ్చివేయవచ్చును. పరీక్షలు మూడు విధములు. ముఖద్వారమునుండి కణములను గీచి సూక్ష్మదర్శినితో చూచుట మొదటిది. దానిని వెలయించిన పాపనికొలావు అను వైద్యుని పేర పాప్ పరీక్ష అందురు. ముఖద్వారమునకు వెనిగరులోని ఆమ్లమునే పలుచగా కలిపి పూసి, ఒక నిమిషము ఆగి, తెల్లని మచ్చ తేలినదా అని కంటితో చూచుట రెండవది. వైరసునే వెదకు పరీక్ష మూడవది. మన కేంద్రప్రభుత్వము 2016లో చేసిన ఏర్పాటు ప్రకారము 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలందరికిని అయిదేండ్లకొకసారి రెండవ విధమైన పరీక్ష జరుగవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020 నవంబరులో పెట్టిన గురి ఇంకను పెద్దది: 2030 నాటికి ప్రతి దేశమునందును నూటికి 70 మంది స్త్రీలకు 35 ఏండ్ల లోపుగా ఒకసారి, 45 ఏండ్ల లోపుగా మరియొకసారి మేలైన పరీక్ష జరుగవలెను.

గురి నూటికి 70. మరి మన స్థితి యెంత?

జాతీయ కుటుంబారోగ్య సర్వే అనునది కేంద్రప్రభుత్వము కొన్నియేండ్లకొకమారు చేయించు పెద్ద విచారణ. 2019 మొదలు 2021 వరకు జరిగిన అయిదవ సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలను, ఈ పరీక్ష జీవితములో ఒక్కసారియైనను చేయించుకొంటిరా అని అడిగిరి. దేశము మొత్తముమీద అవునన్నవారు నూటికి 1.9. తెలంగాణమునందు 3.3, ఆంధ్రప్రదేశమునందు 4.7, తమిళనాడునందు 9.8. డెబ్బదికి మూడు ఎంత దూరమో మీకు చెప్పనక్కరలేదు.

అయితే ఈ 3.3 అను అంకెను పట్టుకొని, మా ఊరిలోను నూటికి ముగ్గురే అనుకొనుట సరికాదు. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచిన చాలునందురు. కుండ అంతటను ఒకే సెగ తగిలినప్పుడు ఆ మాట నిజము. రాష్ట్రము అట్టి కుండ కాదు. ఒక మూల ఉడికి, ఒక మూల పలుకుగా ఉండును. పెద్ద ఆసుపత్రి దాపున ఉన్న పేటలో నూటికి పదిమంది ఉండవచ్చును. బస్సు పోని తండాలో ఒక్కరును ఉండకపోవచ్చును. రెండును కలిసి 3.3 అగును.

ఇంకొక చిక్కు ప్రశ్నలోనే ఉన్నది. 2015-16లో జరిగిన నాల్గవ సర్వేలో అడిగినది, ముఖద్వారమును ఎప్పుడైనను వైద్యులు చూచిరా అని. దానికి దేశమంతటను నూటికి 22.3 మంది అవునని చెప్పిరి. నాలుగైదేండ్లకు, కాన్సరును ముందుగా కనిపెట్టు పరీక్ష జరిగినదా అని మాట మార్చి, వయసు హద్దును మార్చి అడుగగా 1.9కి దిగినది. నడుమ మారినది ప్రశ్న. కాన్పునాడు నర్సమ్మ చూచినను, తెల్లబట్టకు మందు ఇచ్చుటకు డాక్టరమ్మ చూచినను, స్కానింగు తీసినను, మన స్త్రీలకు అన్నియు పరీక్షలే. వారి తప్పేమియు లేదు. చూచినవారు ఎందుకు చూచితిమో చెప్పలేదు, విన్నవారు అడుగలేదు. హుజూర్‌నగరు వైపు ఒక గ్రామములో ఒక పెద్దావిడను నేను అడుగగా, "నాకు అన్ని పరీక్షలు అయినవి నాయనా, సంచినిండ కాగితములున్నవి" అని తెచ్చి చూపినది. రక్తపరీక్షలు, షుగరు పరీక్షలు, ఒక ఎక్స్‌రే. మనము వెదకునది అందులో లేదు. కావున ఎవరైనను లెక్క తీయదలచినచో "పరీక్ష అయినదా?" అని ఊరకొనరాదు. "పడుకొనబెట్టి, లోపల మందు పూసి, లేదా చిన్న కుంచెతో తీసి, ఇది కాన్సరు ఉన్నదేమో చూచుటకు అని చెప్పిరా?" అని విప్పి అడుగవలెను.

ఇక కోదాడకు ఎంత, మిర్యాలగూడకు ఎంత, సూర్యాపేటకు ఎంత అని విడివిడిగా అడిగినచో ఆ సర్వే జవాబు చెప్పజాలదు. ఏలయో చూడుడు. అయిదవ సర్వేలో 707 జిల్లాలలో 7,24,115 మంది స్త్రీలను ప్రశ్నించిరి. సగటున జిల్లాకు వేయిమందికి కొంచెము పైన. వీరు 15 మొదలు 49 ఏండ్లవారు. అందులో 30 దాటినవారు సుమారు సగము, అనగా 500. నూటికి 3 చొప్పున అయిదువందలలో పరీక్ష అయినవారు 15 మంది. ఒక జిల్లా అంకె అంతయు ఈ పదునైదుగురి తలలమీద నిలిచియున్నది! మరి అయిదుగురు కలిసినను, అయిదుగురు తగ్గినను అంకె తారుమారగును. సూర్యాపేట జిల్లాయే 2016 అక్టోబరు 11న నల్లగొండనుండి విడివడినది. కోదాడ ఇందులోనిది, మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. ఆ పదునైదుగురిని మరల మండలములకు పంచినచో ఒక్కొక్క మండలమునకు ఒకరును రారు.

అంకె ఎంత ఊగునో తెలియుటకు ఒక కొలత చెప్పెదను. నూర్గురిని అడుగగా ముగ్గురు అవునన్నారనుకొందము. అప్పుడు ఊరి నిజమైన లెక్క నూటికి ఒకటికి లోపునుండి ఎనిమిదికి పైవరకు ఎచ్చటనైనను ఉండవచ్చును. వేయిమందిని అడుగగా ముప్పదిమంది అవునన్నచో, నిజము రెండునకు నాలుగునకు నడుమ ఉండునని చెప్పవచ్చును. అడిగినవారి సంఖ్య హెచ్చినకొలది ఊగుడు తగ్గును. ఈ ఊగుడు చెప్పక వట్టి అంకెను మాత్రము చెప్పువానిని నమ్మకుడు, అతడు ఎంత చదువుకొనినవాడైనను.

కొన్నిదేశములలో గణితజ్ఞులు ఒక ఉపాయము కనిపెట్టిరి. రాష్ట్రమంతటి సర్వేనుండి, ఎట్టి స్త్రీలు ఎక్కువగా పరీక్ష చేయించుకొనుచున్నారో, అనగా వయసు, చదువు, పట్నవాసము మొదలగువాటితో దానికి గల పొందికను పట్టుకొందురు. పిదప ఒక్కొక్క తాలూకాలో అట్టివారు ఎందరున్నారో జనగణననుండి చూచి, దానిని బట్టి ఆ తాలూకా లెక్కను ఊహింతురు. అమెరికాలో చిన్నచిన్న ప్రాంతములకు గూడ ఇట్లు అంచనాలు కట్టి ప్రకటించుచున్నారు. ఇది తెలివైన పనియే గాని మనచోట రెండు లోపములు కలవు. మన పూర్తి జనగణన 2011 నాటిది. నేటి సూర్యాపేట జిల్లా సరిహద్దులలో నాడు దాదాపు 11 లక్షలమంది ఉండిరి. నాడు పదునైదేండ్ల బాలిక 2026 నాటికి ముప్పదేండ్ల ఇల్లాలు. మిర్యాలగూడ రైసుమిల్లులకును, సిమెంటు కర్మాగారములకును పనికి వచ్చిన కుటుంబములు నాటి పట్టీలో లేవు. రెండవది, ఎవరో ఒక మంచి నర్సమ్మ ఉన్నందున ఒక ఊరు ముందంజ వేసినచో, ఆ సంగతి ఊహలోనికి రాదు. ఊహ అందరిని సగటునకు లాగును.

సర్వే పక్కనబెట్టి ఆసుపత్రి రిజిష్టర్లు చూడరాదా అని మీరడుగవచ్చును. చూడవలసినదే, కాని కాలువ తెలిసినవారు గనుక మీకు నా మాట సులువుగా బోధపడును. సాగరు ఎడమకాలువ తల తూమువద్ద ఇన్ని క్యూసెక్కులు వదలితిమని ఇంజనీరుగారు వ్రాసికొనిన లెక్క ఒకటి. చివరి ఆయకట్టు రైతు మడిలో తడిసిన ఎకరములు ఒకటి. రెండింటికి నడుమ గండ్లు, దొంగతూములు, ఇంకుడు, ఎన్ని లేవు! రిజిష్టరు తల తూము లెక్క. దానిలో ఉన్నవి పరీక్షలు, మనుష్యులు కారు. ఒకే స్త్రీ రెండు శిబిరములకు వచ్చినచో రెండుగా వ్రాయబడును. పొరుగూరివారు వచ్చిరి, వారు మన లెక్కలో పడిరి. ముప్పదికి లోపువారు వచ్చిరి. వేరొకప్రక్క, మనయూరి స్త్రీ ఖమ్మములోనో హైదరాబాదులోనో సొంత ఖర్చుతో చేయించుకొనినది మన రిజిష్టరులోనికి రాదు. ఇది గాక, ముప్పదేండ్లు దాటినవారి ఇండ్లకు ఆశా కార్యకర్త పోయి పొగాకు, నడుము కొలత, రోగలక్షణములు అడిగి ఒక కాగితము నింపును. కాగితము నింపుట వేరు, పరీక్ష వేరు. రెండును ఒకే పేర పైకి పోయినచో, కాగితముల సంఖ్యయే పరీక్షల సంఖ్యగా చెలామణి యగు ప్రమాదము కలదు. 2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వము ఆరోగ్య మహిళ అను పేర, మంగళవారములయందు స్త్రీలకు ప్రత్యేకముగా ఆసుపత్రులలో పరీక్షలు జరుగునట్లు ఏర్పాటు మొదలుపెట్టినది. ఇట్టి ఏర్పాట్లు జరిగినప్పుడెల్ల ఎందరు వచ్చిరో పత్రికలలో చదువుదుము. ఎందరు రావలసియుండిరో చదువము.

భిన్నమునకు పైన లవము, క్రింద హారము అని చిన్ననాడు నేర్చితిమి. ఇంతవరకు లవము సంగతి. హారమునందు మన తెలుగునాట ఒక విచిత్రమైన చిక్కు కలదు. గర్భసంచి తీయించుకొనిన స్త్రీలు మనలో మిక్కుటము. 2015-16 సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో అట్టివారు దేశమున నూటికి 3.2 కాగా, తెలంగాణమున 7.7, ఆంధ్రప్రదేశమున 8.9. ముప్పదేండ్లు దాటినవారిని మాత్రమే చూచినచో ఇంకను ఎక్కువ యగును. సంచి, దాని ముఖద్వారము రెండును పూర్తిగా తీసివేసినచో ఇక పరీక్షింపదగిన చోటే లేదు. కాబట్టి వారిని హారమునుండి తొలగింపవలెను. సంచిని మాత్రమే తీసి ముఖద్వారమును విడిచినవారికి పరీక్ష అక్కరయే. తనకు ఏది జరిగినదో ఎరిగిన స్త్రీ అరుదు. డిశ్చార్జి కాగితము చూడవలసినదే. ఇక్కడ నా మనసులోని మాట ఒకటి చెప్పుచున్నాను. తెల్లబట్టకో, ముట్టునాటి నొప్పికో పోయినప్పుడు, ఉంచినచో కాన్సరు అగునని భయపడి సంచి తీయించుకొనినవారు మన గ్రామములలో ఎందరో ఉన్నారు. ఒక నిమిషపు పరీక్ష చేసియుండినచో ఆ భయము తీరెడిది. పరీక్షలు నూటికి మూడు. కోతలు నూటికి ఏడెనిమిది. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నాకు కష్టము కలుగును.

ఇప్పుడొక ఊరిని కల్పించుకొని లెక్క కట్టుదము. 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలు 400 మంది. రెండు శిబిరములు జరిగినవి. రిజిష్టరులో 60 పరీక్షలు. అరువదిని నాలుగువందలకు పంచి, నూటికి 15 అని మండలమునకు వ్రాసిపంపిరి. మనము విప్పి చూతము. అరువదిలో పొరుగూరివారు 14. రెండుమార్లు వచ్చినందున హెచ్చిన పేర్లు 7. ముప్పదికి లోపువారు 9. మిగిలినవారు 30. పట్నమున సొంతముగా చేయించుకొనినవారు 4. మొత్తము 34. సంచి, ముఖద్వారము రెండును లేనివారు 60 మంది, హారము 340. కావున నిజము నూటికి 10. పదునైదు కాదు గదా అని నిరాశపడనక్కరలేదు. మిగిలిన 306 మంది ఎవరో మనకు పేర్లతో సహా తెలిసినది.

ఇంగ్లండునందు 1988 నుండి జరుగుచున్నది ఇదియే. తగిన వయసుగల ప్రతి స్త్రీ పేరును పట్టీలో ఉండును. గడువు రాగానే ఇంటికి ఉత్తరము పోవును. రానివారికి మరల పోవును. వారికి అంచనాలతో పనిలేదు, పట్టీ చూచి చెప్పుదురు. ఇటీవల అచ్చట నూటికి 70 దరిదాపున ఉన్నది. మనకు దేశమంతటికి అట్టి పట్టీ లేదు గాని, ఒక ఊరికి పట్టీ వ్రాయుట ఏనుగును మోయుట కాదు. పల్స్ పోలియో నాడు ఇంటింటికి గుర్తుపెట్టి, ఏ పిల్లవానిని విడువక లెక్కించిన ఊళ్లే ఇవి.

వ్రాయువారు ఎవరు అన్నదే ముఖ్యము. మీరు వ్రాయరాదు, నేనును వ్రాయరాదు. ఆశా కార్యకర్తయు, మహిళా సంఘములోని చదువువచ్చిన ఇద్దరు స్త్రీలును చాలుదురు. నాటు పడు దినములలో పగటిపూట పోయినచో ఇండ్లలో ముసలివారు తప్ప ఉండరు; దీపము పెట్టిన పిదప పోవలెను. తండాలకు, దళితవాడకు మొదట పోవలెను. నడివీధి ఇండ్లతో మొదలిడినచో పుస్తకము అచ్చటనే నిండి, చివరి భూములకు నీరు చాలనట్లు ఓపిక చాలదు. ఊరు మరీ పెద్దదైనచో పదియిండ్లకొక ఇల్లు చొప్పున వరుసతప్పక అడుగవచ్చును. తాళము వేసిన ఇల్లు వచ్చినప్పుడు ప్రక్కయింటిని పట్టుకొనక, మరునాడు ఆ ఇంటికే పోవలెను. పెద్దలకు చేరవలసినవి రెండే అంకెలు, లవము, హారము. పేర్లు చేరరాదు. ఎవరికి మచ్చ కనబడినదన్న సంగతి రచ్చబండ ఎక్కినదా, మరుసటి శిబిరమునకు ఒక్కరును రారు.

కోదాడ వైపువారికి ఒక జ్ఞాపకము ఉండవచ్చును. 2009 జూలైలో ప్రక్కనున్న ఖమ్మము జిల్లాలో మూడు మండలములయందు ఈ వైరసునకే టీకాను సుమారు 14,000 మంది బాలికలకు ప్రయోగాత్మకముగా వేసిరి. కొందరు బాలికల మరణములపై అలజడి రేగి 2010 ఏప్రిలులో నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము చెప్పినది. కాని సమ్మతిపత్రములపై తలిదండ్రులకు బదులు హాస్టలు వార్డెనులు సంతకములు చేసిన తీరును 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా తప్పుపట్టినది. నేడు మనము మాటాడుచున్నది టీకా కాదు, పెద్దవయసు స్త్రీల పరీక్ష. అయినను ఆ పాఠము దీనికిని వర్తించును. ఎందుకో చెప్పి, వద్దన్నచో విడిచి, వద్దన్నవారిని గూడ పట్టీలో వద్దన్నారని వ్రాసికొనవలెను. బిడియపడు స్త్రీలకు మరియొక దారి ఉన్నది: వైరసు పరీక్షకు నమూనాను స్త్రీ తనంతట తానే తీసి ఈయవచ్చును. మేడ్చల్ మండలపు పల్లెలలో 2,331 మంది స్త్రీలతో జరిగిన పరిశోధనలో మూడు విధముల పరీక్షలను పోల్చిచూడగా, వైరసు పరీక్షయే ఎక్కువ నిక్కమని తేలినది. అచ్చటి స్త్రీలు స్వయముగా తీసిన నమూనాలును పనికివచ్చినవి. ఇప్పటికి ఇది మన ఉపకేంద్రములలో వాడుక కాలేదు గాని, అడుగుటలో తప్పులేదు.

పట్టీకి గడులు ఆరు చాలును: ఇంటి సంఖ్య, వయసు, ముఖద్వారము ఉన్నదా, పరీక్ష అయినదా, ఏ సంవత్సరము, మచ్చ కనబడినచో చికిత్స ముగిసినదా. ఆరవ గడి కొరకే తక్కిన అయిదును. మహారాష్ట్రమున ఉస్మానాబాదు జిల్లాలో 1,30,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన పరీక్షలో, ఒక్కమారు వైరసు పరీక్ష చేసి, మచ్చగలవారికి చికిత్స ముగించినచోట, ఈ వ్యాధిచేత కలుగు మరణములు దాదాపు సగము తగ్గినట్లు 2009లో ప్రకటించిరి. నల్లగొండకో, సూర్యాపేటకో, హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రికో పొమ్మని చీటి వ్రాసి ఇచ్చినంతనే ఆ గడి నిండినట్లు కాదు. ఆమె పోయినదా, తోడు ఎవరు పోయిరి, చార్జీలు ఎవరు పెట్టిరి, తిరిగివచ్చి కాగితము చూపినదా అని అడిగి, ఆశా కార్యకర్త అందులో తేదీ వేయవలెను. ముట్టుడిగిన పిదప రక్తము కనబడుచున్నదని ఏ స్త్రీయైనను చెప్పినచో, ఆమె పేరు పట్టీకి వచ్చువరకు ఆగక ఆ వారమే పంపివేయవలెను.